ఎముకలకు పాకే క్యాన్సర్: జంతు నమూనాల చరిత్ర

రొమ్ము, ప్రొస్టేట్ క్యాన్సర్లు ముదిరితే తరచుగా పాకేది ఎముకలకే; వెన్నుపూసలు, తుంటి, తొడ ఎముక ముందుగా దెబ్బతింటాయి. నొప్పి మొదలై ఎక్స్‌రేలో కనబడేసరికి రోగిలో జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. అందుకే తొలిదశను చూడటానికి పరిశోధకులు జంతువులను ఆశ్రయించారు.

అసలు ప్రశ్న 1889 నాటిది. లండన్ సర్జన్ స్టీఫెన్ పాజెట్, రొమ్ము క్యాన్సర్‌తో మరణించిన 735 మంది వివరాలు పరిశీలించి, వ్యాధి అవయవాలను ఎంచుకుని పాకుతోందని గ్రహించారు. క్యాన్సర్ కణం విత్తనమైతే, మొలవడానికి తగిన నేల కావాలన్నారు. 1951లో పరిశోధకులు కోమన్, డి లాంగ్ ఎలుకలకూ కుందేళ్లకూ పొట్ట నొక్కిపట్టి, తొడ సిరలోకి కణితి కణాలు ఎక్కించి, అవి వెన్నుపూసలకు చేరతాయని చూపారు.

మామూలుగా సిరలోకి ఎక్కించిన కణాలు చాలావరకు ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుపోతాయి. ఈ అడ్డంకిని 1988లో ఆర్గ్వెయో బృందం దాటింది. మత్తులో ఉన్న చుంచెలుక గుండె ఎడమ గదిలోకి సన్నని సూది గుచ్చుతారు. సిరంజిలోకి ఎర్రటి రక్తం గుండె లయతో పాటే ఎగదన్నితే సూది సరైన చోట ఉన్నట్టు. కణాలు ధమనుల వెంట నేరుగా ఎముక మజ్జకు చేరతాయి. ఇదే పద్ధతిలో మనిషి రొమ్ము క్యాన్సర్ కణాలు ఎక్కించిన చుంచెలుకల్లో కొన్ని వారాలకు మోకాలి దగ్గరి ఎముకల్లో తొర్రలు ఎక్స్‌రేలో కనబడతాయి.

వైద్యాన్ని మలుపు తిప్పింది ఆ తొర్రలే. వాటిని తొలిచేది ముఖ్యంగా క్యాన్సర్ కణాలు కావు, శరీరంలో సహజంగానే ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణాలు. క్యాన్సర్ వాటిని రెచ్చగొడుతుంది. కరిగిన ఎముక నుంచి వెలువడే పదార్థాలు మళ్లీ క్యాన్సర్‌ను పెంచుతాయి. 1996లో టెక్సస్‌లో గైజ్, మండీ బృందం ఈ రెచ్చగొట్టే ప్రోటీన్లలో ఒకదాన్ని యాంటీబాడీతో అడ్డుకుంటే చుంచెలుకల్లో నష్టం తగ్గిందని నిరూపించింది.

అంతకుముందు కీమోథెరపీ గురి కణితి మీదే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన లెడర్లే మందుల కంపెనీ పరిశోధన బృందం నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్, విభజన చెందే కణాల మీద పనిచేస్తుంది. 1976 నుంచి ప్రచారంలోకి వచ్చిన రొమ్ము క్యాన్సర్ మందుల కూర్పులో అదీ ఒకటి. జోలెడ్రోనిక్ ఆసిడ్, డెనోసుమాబ్ అనే మందులు మాత్రం ఎముకను కరిగించే కణాలనే అదుపు చేస్తాయి. ఇవి ఎముకలు విరగడాన్ని తగ్గిస్తాయి, క్యాన్సర్‌ను నయం చేయవు.

ఏ నమూనా అయినా దారిలో ఒక ముక్కనే చూపుతుంది. సూదితో ఎక్కించిన కణం రొమ్ము నుంచి బయటపడే మొదటి అడుగే వేయదు. మనుషుల్లో ప్రొస్టేట్ క్యాన్సర్ ఎక్కువగా కొత్త ఎముకను పేర్పిస్తే, ప్రయోగశాలలో విరివిగా వాడే పీసీ-3 ప్రొస్టేట్ క్యాన్సర్ కణాలు ఎముకను తొలుస్తాయి. మనిషిలాగే ప్రొస్టేట్ క్యాన్సర్ సహజంగా వచ్చి ఎముకలకు పాకే జంతువుల్లో కుక్క ముఖ్యమైనది. రొమ్ము క్యాన్సర్ కణాలు మజ్జలో పదేళ్లకు పైగా నిద్రాణంగా ఉండి తిరగబెట్టడమూ ఉంది. రెండు మూడేళ్లే బతికే చుంచెలుకలో దాన్ని పట్టుకోవడం చాలా కష్టం.