నొప్పి మందుల చరిత్ర – స్నాయుబంధకపు జబ్బుకు మందు ఎంపిక

ఉద్దేశ్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• నొప్పి, వాపు తగ్గించే మందులు ఎలా వచ్చాయో వివరించగలుగుతారు.
• జబ్బును గురించిన అవగాహన మారితే వైద్యం ఎందుకు మారుతుందో చెప్పగలుగుతారు.

1. పరిచయం

నంద్యాల జిల్లాలోని ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు ప్రసిద్ధి. రోజంతా ఉలి పట్టి సుత్తితో కొట్టే పనిలో, ముంజేతి కండరాలను మోచేతి ఎముకకు కలిపే స్నాయుబంధకం (టెండన్) మీద భారం పడుతుంది. ఇటువంటి పనుల వల్ల వచ్చే మోచేతి నొప్పిని 'టెన్నిస్ ఎల్బో' అంటారు. పని మానితే ఆ రోజు కూలి పోతుంది. కాబట్టి మందుల షాపులో బిళ్ల కొని మింగి పనిలోకి వెళ్లడం అలవాటవుతుంది. నెలలు గడిచినా నొప్పి తగ్గకపోతే ఏ మందు ఎంచుకోవాలి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే చరిత్ర తెలియాలి.

2. మందులు వచ్చిన క్రమం

1763లో ఇంగ్లండుకు చెందిన ఎడ్వర్డ్ స్టోన్ అనే మతాచార్యుడు, విల్లో చెట్టు బెరడు జ్వరాన్ని తగ్గిస్తుందని రాయల్ సొసైటీకి తెలియజేశాడు. ఆ బెరడులోని పదార్థంపై జరిగిన పరిశోధనల ఫలితంగా 1899లో జర్మనీకి చెందిన బేయర్ కంపెనీ ఆస్పిరిన్‌ను అమ్మకానికి తెచ్చింది. 1969లో బ్రిటన్‌లో ఐబుప్రొఫెన్, 1970లలో డైక్లోఫెనాక్ వచ్చాయి.

ఇవి ఎలా పనిచేస్తాయో 1971లో జాన్ వేన్ వివరించాడు. వాపును, నొప్పిని పెంచే ప్రోస్టాగ్లాండిన్లు తయారు కాకుండా ఇవి అడ్డుకుంటాయి. అయితే జీర్ణాశయపు లోపలి పొరను, మూత్రపిండాలకు రక్తప్రసరణను కాపాడేవి కూడా ప్రోస్టాగ్లాండిన్లే. అందుకే ఈ మందులు ఎక్కువకాలం వాడితే పుండ్లు, మూత్రపిండాల జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. కడుపుకు మేలైనదిగా 1999లో వచ్చిన రోఫెకాక్సిబ్‌ను, గుండెపోటు ముప్పు బయటపడడంతో 2004లో ఉపసంహరించారు.

3. మారిన అవగాహన

చాలాకాలం ఈ జబ్బును 'టెండనైటిస్', అంటే స్నాయుబంధకపు వాపు అని పిలిచారు. 1979లో అమెరికా శస్త్రవైద్యుడు రాబర్ట్ నిర్షల్, శస్త్రచికిత్సలో తీసిన కణజాలాన్ని పరిశీలించి, అందులో వాపు కణాల కంటే పీచుల అరుగుదలే ముఖ్యమని చూపాడు. నేడు 'టెండినోపతి' అనే పేరు వాడుకలో ఉంది. 1998లో స్వీడన్‌లో ఆల్ఫ్రెడ్‌సన్ బృందం మడమ స్నాయుబంధకపు నొప్పి గల 15 మందికి 12 వారాలపాటు బరువుతో వ్యాయామం చేయించి మంచి ఫలితం పొందింది. 2010లో 'లాన్సెట్' పత్రికలో వచ్చిన సమీక్ష ప్రకారం, స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొద్ది వారాలు ఉపశమనమిచ్చినా, టెన్నిస్ ఎల్బోలో తరువాతి నెలల్లో ఫలితం తగ్గింది.

4. మందు ఎంపిక

బిళ్ల నొప్పిని తగ్గిస్తుంది. అరిగిన పీచును బాగుచేయదు. నొప్పి తెలియనందువల్ల భారం ఆగదు, గాయం ముదురుతుంది. కాబట్టి పైపూత జెల్‌తో మొదలుపెట్టడం మేలు. బిళ్ల అవసరమైతే తక్కువ మోతాదులో, కొద్దిరోజులే, వైద్యుని సలహాతో వాడాలి. ఇటువంటి రెండు మందులు కలిపి వాడరాదు. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు వైద్యుణ్ణి అడగకుండా వీటిని వాడరాదు. భారం తగ్గించి, క్రమంగా పెంచే వ్యాయామమే అసలు చికిత్స.

5. సారాంశం

జబ్బు పేరు మారినప్పుడు మందు స్థానం కూడా మారింది. వాపు అనుకున్నంతకాలం మందే ప్రధానం. అరుగుదల అని తేలాక అది తాత్కాలిక సహాయం మాత్రమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. జాన్ వేన్ పరిశోధన ప్రాముఖ్యాన్ని వివరించండి.
2. 'టెండనైటిస్' అనే పేరు ఎందుకు మారింది?