మూడొందల కిలోల నీళ్ళు, నాలుగు కాళ్ళు

1638లో హాలండులోని లైడెన్‌లో ఒక పుస్తకం అచ్చయింది. రాసినాయన మాత్రం అప్పటికి ఫ్లోరెన్స్ పక్కన అర్చేత్రి అనే పల్లెలో గృహనిర్బంధంలో ఉన్నాడు. చూపు కూడా పోయింది. ఆయన గెలీలియో. మనకి ఆయన టెలిస్కోపు గుర్తు, చర్చితో తగాదా గుర్తు. ‘రెండు కొత్త శాస్త్రాలు’ అన్న ఈ ఆఖరి పుస్తకం అంతగా గుర్తుండదు. ఆ రెంటిలో ఒక శాస్త్రం, వస్తువులు ఎంత బరువుకి విరుగుతాయన్న దాని గురించి.

అందులో ఒక పాలరాతి స్తంభం కథ ఉంది. స్తంభాన్ని పడుకోబెట్టి, రెండు చివర్లా రెండు దుంగలు పెట్టారు. నడుమ విరుగుతుందేమోనని ఒక పనివాడికి అనుమానం వచ్చింది. మధ్యలో ఇంకో దుంగ పెట్టిస్తే మంచిదన్నాడు. అందరూ సరే అన్నారు. కొన్ని నెలల తర్వాత చూస్తే, స్తంభం సరిగ్గా ఆ మధ్య దుంగ మీదే పగిలి ఉంది. ఏమయిందంటే, చివరి దుంగల్లో ఒకటి పుచ్చి కుంగిపోయింది. మధ్యది మాత్రం గట్టిగానే ఉంది. దాంతో స్తంభంలో సగం గాల్లో వేలాడింది. రెండే దుంగలుంటే, ఒకటి కుంగినా దానితోపాటు స్తంభమూ దిగేది, అంతే. భద్రత కోసం పెట్టినదే ప్రమాదం అయింది.

ఈ కథ నాకు అక్వేరియం స్టాండు దగ్గర పనికొచ్చింది. అదెలాగో చెప్పేముందు అక్వేరియం సంగతి కొంచెం.

ఇంట్లో గాజుతొట్టి పెట్టి చేపల్ని పెంచడం విక్టోరియన్ ఇంగ్లండులో పట్టుకున్న సరదా. 1845లో అక్కడ గాజు మీద పన్ను ఎత్తేశారు, గాజు చవకయింది. 1853లో లండన్ జూలో ‘ఫిష్ హౌస్’ తెరిచారు. మరుసటేడు ఫిలిప్ హెన్రీ గాస్ ‘ది అక్వేరియం’ అనే పుస్తకం వేశాడు, ఆ మాట జనం నోట పడింది. ఆ రోజుల్లో చాలా తొట్లకి అడుగున పలకరాయి, మూలలకి ఇనపచట్రం ఉండేవి. అంటే తొట్టి తన నడుం తనే నిలబెట్టుకునేది. 1960ల తర్వాత సిలికాన్ జిగురు వచ్చింది, చట్రం అక్కర్లేకుండా గాజుని గాజుకే అతికించారు. చూడ్డానికి అందం. కానీ చట్రం చేసే పని మాయమవలేదు, కింద స్టాండు మీద పడింది. ఇవాళ మనింట్లో ఉండే తొట్టి, దాని కింద చెక్క ఎంత చదునుగా ఉంటే అంత క్షేమం.

హైదరాబాదులో మా అక్కావాళ్ళది మూడో అంతస్తులో అద్దె ఫ్లాటు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టి కొన్నారు. స్టాండు వడ్రంగి చేత చేయించారు. ఆరేళ్ళ మేనల్లుడు హోంవర్కు రాసుకునేది సరిగ్గా దాని పక్కనే. “ఒరేయ్, ఇంజనీరింగ్ చదివావుగా, ఇది ఆగుతుందో లేదో చెప్పు” అంది అక్క. నేను రోజూ రాసేది కోడ్. నా కోడ్ పడిపోతే మళ్ళీ లేపుకోవచ్చు. ఇది అలా కాదు.

ముందు బరువు. తొమ్మిది ఘనపుటడుగులు, అంటే దాదాపు 255 లీటర్లు, 255 కిలోలు. అంచుదాకా నింపకపోయినా, పది మిల్లీమీటర్ల గాజు యాభై కిలోలు, ఇసుక, రాళ్ళు కలిపితే మూడొందలు దాటుతుంది. నలుగురైదుగురు పెద్దవాళ్ళు రాత్రింబవళ్ళు కదలకుండా నిలబడ్డట్టు.

“చూడండి సార్, నేనే ఎక్కుతా” అని వడ్రంగి స్టాండు మీద నిలబడి చూపించాడు. ఆయన పనితనం మీద నాకు గౌరవమే. కానీ ఈ పరీక్షకి 18వ శతాబ్దంలోనే జవాబుంది. ఫ్రాన్సులో బ్యుఫాన్, జంతుశాస్త్రం రాసిన బ్యుఫానే, నిలువెత్తు ఓక్ దూలాల్ని బరువులేసి విరగ్గొట్టి చూశాడు. కాసేపు మోసిన బరువుని దూలం నెలల తరబడి మొయ్యలేదని తేలింది. విరిగే బరువులో సగానికి మించి పెట్టొద్దన్నాడు. డెబ్భై కిలోల మనిషి ఒక్క నిమిషం నిలబడ్డం, మూడొందల కిలోలు పదేళ్ళు కూర్చోవడం ఒకటి కాదు.

తర్వాత పైన అడ్డబద్దలు. ఇక్కడ గెలీలియో మళ్ళీ వస్తాడు. బద్ద బలం దాని వెడల్పుతో మామూలుగా పెరుగుతుంది, ఎత్తుతో మాత్రం వర్గంలా పెరుగుతుందని చెప్పింది ఆయనే. అంగుళం మందం, నాలుగంగుళాల వెడల్పు ఉన్న బద్దని పడుకోబెట్టకుండా నిలువుగా పెడితే, అదే చెక్క నాలుగింతల బలం ఇస్తుంది. వంగడానికైతే పదహారింతలు మొరాయిస్తుంది. తమాషా ఏంటంటే, అసలు ఎంత బరువు మోస్తుందన్న లెక్కలో గెలీలియో మూడు రెట్లు ఎక్కువ చెప్పాడు. వంగే బద్దలో పైభాగం నొక్కుకుంటుందని, కిందిభాగం సాగుతుందని, ఆ లెక్క పూర్తిగా కుదరడానికి మారియట్, పారెంట్, కూలుంబ్, నేవియర్‌ల దాకా రెండొందల ఏళ్ళు పట్టింది. మనకి దూలాల శాస్త్రం అలా వచ్చింది: ముందు నిష్పత్తి సరిగ్గా, తర్వాత అంకె సరిగ్గా.

కాళ్ళు విరుగుతాయని చాలామంది భయం. సన్నటి కాలు నలగకముందే పక్కకి వంగుతుందని 1744లో ఆయిలర్ లెక్క కట్టాడు. పొడవు రెట్టింపైతే మోసే బరువు నాలుగోవంతుకి పడిపోతుంది. అయితే రెండంగుళాల చదరపు టేకు కాలు, రెండున్నర అడుగుల ఎత్తు: ఈ బరువుకి అది వంగే ప్రశ్నే లేదు. టన్నుల్లో ఉంటుంది దాని శక్తి.

మరి స్టాండ్లు ఎక్కడ పోతాయి? అతుకుల దగ్గర. పక్కకి ఊగే చోట. ఖాళీ స్టాండుని భుజంతో పక్కనుంచి నెట్టి చూశాను, అంగుళం ఊగింది. చతుష్కోణం జారుతుంది, త్రికోణం జారదు. వెనకవైపు పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక బిగించమన్నాను. ఒక ఐమూల బద్ద వేసినా అదే పని. అడ్డబద్దలు స్క్రూల మీద వేలాడుతున్నాయి. వాటిని కాళ్ళ తలల మీద కూర్చోబెట్టమన్నాను. అప్పుడు చెక్క మీద చెక్క బరువు మోస్తుంది, స్క్రూ పట్టుకుని ఉంటుంది, అంతే. పార్టికల్ బోర్డు వద్దే వద్దన్నాను, తడి తగిలితే అప్పడంలా ఉబ్బుతుంది.

వడ్రంగి ఇవన్నీ ఒప్పుకుని, “ఇంకా డౌటుంటే మధ్యలో ఒక కాలు వేసేస్తా సార్, ఫ్రీగా” అన్నాడు.

ఆ పాలరాతి స్తంభం పనికొచ్చింది ఇక్కడే. ఆ గదిలో టైల్స్ బాత్‌రూం వైపు వాలుగా ఉన్నాయి. నాలుగు కాళ్ళకి చెక్కముక్కలు పెట్టి మట్టం చేశాం. రేపు ఒక చివర ముక్క నలిగి కుంగితే, మధ్య కాలు గట్టిగా నిలబడితే, తొట్టి అడుగు గాజే ఆ స్తంభం. “మధ్యకాలు వద్దన్నా, పైబద్దల ఎత్తు పెంచండి” అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, “కరెక్టే, గుమ్మం కింద రాయి కూడా ఇట్లనే పగుల్తది” అన్నాడు. గెలీలియో దాదాపు నాలుగు శతాబ్దాల కింద రాసింది ఆయనకి గుమ్మాల దగ్గర తెలుసు. గెలీలియో కూడా తన పుస్తకాన్ని వెనిస్ ఓడల కార్ఖానాలో పనివాళ్ళ తెలివిని మెచ్చుకుంటూనే మొదలుపెట్టాడు.

చివరి పరీక్ష నీళ్ళే చేస్తాయి. తొట్టి కింద థర్మోకోల్ షీటు వేసి, ఒకేసారి కాకుండా మూడు విడతలుగా నింపించాను. ప్రతి విడతకీ నాలుగు మూలల్లో నీటిమట్టం నుంచి అంచుకి దూరం టేపుతో కొలిచి, గోడ మీద పెన్సిలుతో రాశాం. నీళ్ళ కంటే నిజాయితీ గల మట్టపుబద్ద లేదు. రెండ్రోజులు ఊరికే ఉంచి మళ్ళీ కొలిచాం. అంకెలు మారలేదు. అప్పుడు చేపలు వచ్చాయి.

అంకెలు చెరపొద్దని అక్కకి చెప్పాను. నెలకోసారి కొలవడం ఇప్పుడు మేనల్లుడి పని.