రెఫరల్ చీటీ పుట్టుపూర్వోత్తరాలు

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని వైద్యాధికారి ఒక రోగిని పరీక్షించి, ఆ వ్యాధికి తన దగ్గరున్న మందులూ పరికరాలూ చాలవని నిర్ధారించుకొని, అంతకంటే పెద్ద ఆసుపత్రిలోని నిపుణుడైన వైద్యునికి రాసి ఇచ్చే కాగితాన్ని ప్రభుత్వ వైద్యరంగంలో రెఫరల్ చీటీ అంటారు. రోగి పేరు, వయసు, వ్యాధి లక్షణాలు, అప్పటిదాకా చేసిన చికిత్స, పంపడానికి కారణం మాత్రమే ఉండే ఈ చిన్న కాగితం వెనుక రెండు శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రను పరిశీలిస్తే, ఈ ఏర్పాటుకు శాస్త్రీయమైన రూపం కల్పించినవారు రోగి బాధ్యతను ఇద్దరు వైద్యులు కలిసి మోయాలని ఉద్దేశించారనీ, మన దేశంలో అది ఆచరణకు వచ్చేసరికి రోగిని పంపించడం ఒక్కటే మిగిలి, బాధ్యతను కలిసి మోయడమనేది జారిపోయిందనీ స్పష్టమవుతుంది.

ఆసుపత్రిలో చేరడానికి చీటీ కావాలనే నియమం మొదట వైద్యుల నుంచి రాలేదు. 18వ శతాబ్దపు ఇంగ్లండులో సంపన్నుల చందాలతో నడిచిన ధర్మాసుపత్రుల్లో పేదవాడు చేరాలంటే, ఆ ఆసుపత్రికి చందా కట్టిన పెద్దమనిషి ఎవరైనా అతని తరఫున సిఫారసు లేఖ ఇవ్వవలసి ఉండేది. ఆ లేఖ రోగి జబ్బు ఎంత తీవ్రమైనదో చెప్పేది కాదు, అతడు దయకు అర్హుడని హామీ పడేది. సిఫారసు చేసే దిక్కులేనివారి గతి ఎలా ఉండేదో 1827లో విలియం మార్స్‌డెన్ అనే యువ శస్త్రవైద్యుడు లండన్‌లో కళ్లారా చూశాడు. ఒక చర్చి మెట్ల మీద చావుబతుకుల్లో పడి ఉన్న యువతిని, లేఖ లేదన్న కారణంతో ఏ ఆసుపత్రీ చేర్చుకోకపోవడం చూసి చలించిపోయిన అతడు, ఎవరి సిఫారసూ అక్కర్లేకుండా రోగమే అర్హతగా చేర్చుకునే వైద్యశాలను 1828లో స్థాపించాడు. తరువాతి కాలంలో రాయల్ ఫ్రీ ఆసుపత్రిగా ప్రసిద్ధికెక్కినది అదే.

లేఖల అడ్డు తొలగుతూ వచ్చిన కొద్దీ లండన్ ఆసుపత్రుల బయటి రోగుల విభాగాలు కిక్కిరిసిపోయాయి. అదే కాలంలో ఇంగ్లండు వైద్యవృత్తి రెండు పాయలుగా చీలుతూ ఉంది. మందులు కలిపి ఇచ్చే అపోతికరీలకు 1815 చట్టం శిక్షణనూ పరీక్షనూ నిర్దేశించడంతో, వారి నుంచీ చిన్న శస్త్రచికిత్సలు చేసేవారి నుంచీ అన్ని జబ్బులకూ వైద్యం చేసే సాధారణ వైద్యుల వర్గం ఎదిగింది. పెద్ద ఆసుపత్రులతో సంబంధం ఉండి, ఒక్కొక్క అవయవం మీదో ఒక్కొక్క వ్యాధి మీదో పట్టు సాధించిన కన్సల్టెంట్లు రెండో వర్గమయ్యారు. చిన్నచిన్న జబ్బులవారు సైతం ఉచిత వైద్యం కోసం నేరుగా పెద్ద ఆసుపత్రులకు పోతున్నందువల్ల తమ జీవనోపాధి దెబ్బతింటున్నదని సాధారణ వైద్యులు మొరపెట్టుకున్నారు. రోగుల ఆర్థిక స్థితిగతులను విచారించి, చెల్లించగలవారిని వడపోయడానికి 1895లో రాయల్ ఫ్రీ ఆసుపత్రిలోనే ఆల్మనర్ అనే ఉద్యోగిని నియమించారు. సిఫారసు లేఖను ధిక్కరించి పుట్టిన ఆసుపత్రి మళ్లీ అర్హతల విచారణకు దిగవలసి రావడాన్ని బట్టి, ద్వారాలు తెరిచినంత మాత్రాన వైద్యం అందదనీ, ఎవరు ఎక్కడికి వెళ్లాలన్న క్రమం ఏదో ఒకటి తప్పదనీ ఆనాటి అనుభవం చాటుతుంది. చివరికి రెండు వర్గాల మధ్య కుదిరిన ఒడంబడిక ఏమంటే, రోగి ముందుగా సాధారణ వైద్యుని చూడాలి, ఆయన రాసిన లేఖతోనే కన్సల్టెంటు దగ్గరకు వెళ్లాలి, కన్సల్టెంటు తన అభిప్రాయాన్ని ఆ వైద్యునికే తిరిగి రాయాలి. వృత్తిపరమైన స్వప్రయోజనం నుంచి పుట్టినప్పటికీ, రోగికి ఎల్లకాలం జవాబుదారీగా ఉండే ఒక వైద్యుణ్ణి నిలబెట్టిన ఆచారం కనుక ఇది గౌరవించదగినది.

ఈ ఆచారాన్ని ఒక ప్రభుత్వ వ్యవస్థగా మొదట ఊహించినది 1920లో ఇంగ్లండులో వెలువడిన డాసన్ నివేదిక. గ్రామాలకూ చిన్న పట్టణాలకూ సాధారణ వైద్యులు పనిచేసే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, వాటికి పైన నిపుణులు ఉండే ద్వితీయ కేంద్రాలు, అన్నిటికీ పైన వైద్య కళాశాలలకు అనుబంధమైన బోధనాసుపత్రులు ఉండాలని అది ప్రతిపాదించింది. నిపుణులు ప్రాథమిక కేంద్రాలకు వచ్చి సలహాలివ్వాలనీ, రోగుల వివరాలను అంతటా ఒకే పద్ధతిలో నమోదు చేయాలనీ అందులో ఉంది. అంటే రోగి పైకి వెళ్లడమే కాక, నైపుణ్యం కిందికి దిగిరావడం కూడా ఆ ప్రణాళికలో భాగం. అప్పట్లో అది అమలుకు నోచుకోలేదు. 1948 జూలై 5న అక్కడి జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభమైనప్పుడు, సాధారణ వైద్యుని లేఖ ద్వారానే నిపుణుణ్ణి కలవాలన్న పాత ఒడంబడిక దేశమంతటికీ వర్తించే నియమంగా స్థిరపడింది.

భారతదేశంలో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన 1943లో ఏర్పడిన కమిటీ 1946లో సమర్పించిన నివేదిక డాసన్ అంతస్తుల ఆలోచనను అంతకంటే పెద్ద కొలతలతో ముందుంచింది. దీర్ఘకాలిక లక్ష్యంగా 10 వేల నుంచి 20 వేల జనాభాకు 75 పడకల ప్రాథమిక కేంద్రం, సుమారు 6 లక్షల జనాభాకు 650 పడకల ద్వితీయ కేంద్రం, 30 లక్షల జనాభా గల జిల్లాకు 2,500 పడకల ఆసుపత్రి ఉండాలనీ, పై కేంద్రాలు కింది వాటిని పర్యవేక్షిస్తూ తోడ్పడాలనీ అది సూచించింది. డబ్బు చెల్లించలేకపోవడం వల్ల ఎవరూ వైద్యానికి దూరం కాకూడదన్నది కమిటీ పునాది సూత్రం. ఆల్మనర్ విచారణలతో పోల్చి చూస్తే ఆ సూత్రపు ఔన్నత్యం తెలుస్తుంది.

1952 నుంచి సామాజిక వికాస పథకంలో భాగంగా బ్లాకుకొక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం తెరుచుకున్నా, భోర్ కమిటీ లెక్కగట్టిన 75 పడకలు ఎక్కడా రాలేదు. కింద చిన్న కేంద్రమూ, చాలా దూరాన జిల్లా ఆసుపత్రీ ఉండి, నడిమి అంతస్తు లేకుండానే దశాబ్దాలు గడిచాయి. ఆ లోటును గుర్తించిన శ్రీవాస్తవ కమిటీ, ప్రాథమిక కేంద్రాన్ని తాలూకా, జిల్లా, వైద్య కళాశాల ఆసుపత్రులతో కలిపే రెఫరల్ సేవల సముదాయం ఉండాలని 1975లో సిఫారసు చేసింది. 1978లో ఆల్మా ఆటా అంతర్జాతీయ సదస్సు ప్రకటన కూడా, పరస్పరం ఆదుకునే రెఫరల్ ఏర్పాటు లేనిదే ప్రాథమిక వైద్యం నిలవదని గుర్తించింది. ఆ తరువాత స్థిరపడిన కొలమానం ప్రకారం మైదాన ప్రాంతాల్లో 5 వేల జనాభాకు ఉపకేంద్రం, 30 వేలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 1,20,000కు సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. ముప్పై పడకలతో, శస్త్రవైద్యుడు, జనరల్ ఫిజీషియన్, స్త్రీవైద్య నిపుణులు, పిల్లల వైద్యుడు ఉండవలసిన ఈ సామాజిక ఆరోగ్య కేంద్రమే సామాన్యునికి నిపుణుడు మొదట ఎదురుపడవలసిన చోటు. సిజేరియన్ ఆపరేషన్, నవజాత శిశువుల సంరక్షణ, రక్త నిల్వ అనే మూడు సదుపాయాలూ కలిగిన ఆసుపత్రిని మొదటి రెఫరల్ యూనిట్ అని పిలుస్తారు. ప్రసవ వేళ రక్తస్రావం మొదలైన తల్లికి గంటల లెక్కన కాలం చేజారుతుంది కనుక, ఈ మూడూ దగ్గరలో ఉండటం ప్రాణానికి సంబంధించిన విషయం.

తెలుగునాట ఈ నడిమి అంతస్తును బలపరచడానికి జరిగిన ప్రయత్నం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. 1986 చట్టంతో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వైద్య విధాన పరిషత్తు జిల్లా, ఏరియా ఆసుపత్రులను ఒకే యాజమాన్యం కిందికి తెచ్చింది. ఈ ఆసుపత్రుల భవనాలనూ పరికరాలనూ మెరుగుపరచడానికి ప్రపంచ బ్యాంకు 1994లో రుణం మంజూరు చేసిన పథకానికి మొదటి రెఫరల్ ఆరోగ్య వ్యవస్థ అనే పేరే పెట్టారు. గోదావరి ఆవలి మన్యానికి భద్రాచలం ఏరియా ఆసుపత్రి ఎంతటి ఆధారమో, పొరుగు రాష్ట్రాల సరిహద్దు పల్లెల నుంచి కూడా అక్కడికి వచ్చే రోగులను చూస్తే అర్థమవుతుంది. అటువంటి ఆసుపత్రి అందుబాటులో లేనివారికి విశాఖ కె.జి.హెచ్., హైదరాబాదు ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులే గతి.

చీటీ ఇచ్చి పంపినంత మాత్రాన బాధ్యత తీరదని దేశానికి తెలియజెప్పిన సంఘటన 1992 జూలై 8న పశ్చిమ బెంగాల్‌లో జరిగింది. మథురాపూర్ స్టేషన్‌లో రైలు నుంచి జారిపడి తలకు తీవ్ర గాయమైన ఒక వ్యవసాయ కూలీని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లగా, అక్కడ సదుపాయాలు లేక, డైమండ్ హార్బర్ ఆసుపత్రికో మరే ప్రభుత్వ ఆసుపత్రికో తీసుకుపొమ్మని వైద్యాధికారి రాసి పంపాడు. ఆ రాత్రీ మరునాడూ కలకత్తాలోని ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తరువాత ఒకటి, పడక ఖాళీ లేదనో తగిన సదుపాయం లేదనో చెప్పి తిప్పి పంపగా, చివరికి అతడు ప్రైవేటు ఆసుపత్రిలో చేరి సుమారు 17,000 రూపాయలు ఖర్చు పెట్టుకోవలసి వచ్చింది. పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి దాఖలు చేసిన ఈ కేసులో 1996 మే 6న సుప్రీంకోర్టు, అత్యవసర వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కును ఉల్లంఘించడమేనని తీర్పు చెప్పి, బాధితునికి 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. ఏ ఆసుపత్రిలో పడక ఖాళీ ఉన్నదో ముందే తెలుసుకొని రోగిని నేరుగా అక్కడికే పంపగలిగే కేంద్రీకృత సమాచార వ్యవస్థ ఉండాలనీ, ప్రాథమిక కేంద్రాల్లోనే ప్రాథమిక చికిత్స చేసి రోగి స్థితిని నిలకడపరచాలనీ, అంబులెన్సులు ఏర్పాటు చేయాలనీ నిర్దేశించింది. నిధుల కొరత ఈ బాధ్యతను తప్పించుకోవడానికి సాకు కాజాలదన్న మాట ఆ తీర్పులో అన్నిటికంటే విలువైనది.

అంబులెన్సు మాట వరకు ఆ ఆదేశానికి తగిన సమాధానం 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవ ద్వారా లభించింది. 2011లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ఇంటి నుంచి ఆసుపత్రికీ, ఒక ఆసుపత్రి నుంచి మరొక ఆసుపత్రికీ, తిరిగి ఇంటికీ ఉచిత రవాణాను గర్భిణుల హక్కుగా ప్రకటించింది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ, పేదవాడికి కార్పొరేట్ ఆసుపత్రి నిపుణుణ్ణి సైతం అందుబాటులోకి తెచ్చి, ఆరోగ్యమిత్రల ద్వారా దారి చూపింది. అయితే పెద్ద శస్త్రచికిత్సలకు డబ్బు సమకూర్చిన ఈ పథకం వల్ల నడిమి అంతస్తులోని ఖాళీలు భర్తీ కాలేదు. దేశవ్యాప్తంగా గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాలకు కావలసిన నిపుణుల్లో దాదాపు 80 శాతం కొరత ఉన్నట్లు కేంద్ర ప్రభుత్వ గణాంకాలే 2022 నాటికి చూపాయి. నిపుణుడు లేని కేంద్రం రోగిని చూడటానికి బదులు మరో చీటీ రాసి పంపుతుంది కనుక, బోధనాసుపత్రుల వరండాల రద్దీకి అసలు కారణం ఈ ఖాళీలలోనే ఉంది. 2019లో మొదలైన ఇ-సంజీవని టెలివైద్యం, ఉపకేంద్రంలోని ఆరోగ్య కార్యకర్త ఎదుట కూర్చున్న రోగికి దూరాన ఉన్న వైద్యుని సలహాను తెరమీదుగా అందిస్తూ, నైపుణ్యం కిందికి దిగిరావాలన్న డాసన్ ఆలోచనను కొంతవరకు నిజం చేస్తున్నది. అయితే పురుడు పోయడం, రక్తం ఎక్కించడం తెర మీద జరిగే పనులు కావు.

మన వ్యవస్థలో అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురైనది తిరుగు లేఖ. ఉస్మానియాలోనో కె.జి.హెచ్.లోనో గుండెజబ్బుకు చికిత్స పొంది ఊరు చేరిన రోగికి ఏ మందు ఎంతకాలం వాడాలో, ఏ లక్షణం కనిపిస్తే అప్రమత్తం కావాలో అతన్ని పంపిన వైద్యాధికారికి తెలియజేసే కాగితం సాధారణంగా రాదు. అది రాకపోవడం వల్ల రోగి ప్రతి చిన్న అనుమానానికీ మళ్లీ వందల కిలోమీటర్లు ప్రయాణిస్తాడు, ఊళ్లోని వైద్యాధికారి తన రోగి గురించి ఏమీ నేర్చుకోలేకపోతాడు. కొత్త భవనాలూ భారీ వ్యయమూ అక్కర్లేని ఈ ఒక్క సంస్కరణను రెండు తెలుగు రాష్ట్రాల వైద్యశాఖలు వెంటనే చేపట్టాలి. డిశ్చార్జి సమయంలో పంపిన కేంద్రానికి జవాబు రాయడాన్ని పెద్దాసుపత్రుల విధిగా చేసి, ఏరియా ఆసుపత్రుల్లోనూ సామాజిక ఆరోగ్య కేంద్రాల్లోనూ ఖాళీగా ఉన్న నిపుణుల పోస్టులను భర్తీ చేయాలి.