కాగితానికెక్కని కౌలు: పల్నాడులో వాతావరణ న్యాయం, సామాజిక రక్షణ

వాతావరణ మార్పు తెచ్చే నష్టం దానికి కారకులైన వారికన్నా తట్టుకునే శక్తి లేనివారి మీదే ఎక్కువగా పడుతుందనీ, ఆ అసమానతను సరిదిద్దే బాధ్యత ప్రభుత్వాలదనీ చెప్పే భావన వాతావరణ న్యాయం. 1992 నాటి రియో సదస్సు మొదలు 2022లో షర్మెల్‌షేక్‌లో నష్టసహాయ నిధికి కుదిరిన అంగీకారం వరకు ఈ చర్చ ప్రధానంగా దేశాల మధ్యనే సాగింది. అదే అసమానత ఒకే ఊరిలో భూమి గల వారికీ, దాన్ని కౌలుకు దున్నే వారికీ నడుమ ఎలా నెలకొంటుందో పల్నాడులో స్పష్టంగా కనిపిస్తుంది.

2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన ఈ జిల్లాలో, నాగార్జునసాగర్ ఆనకట్ట మాచర్లకు చేరువలోనే ఉన్నా, వెల్దుర్తి, బొల్లాపల్లి మెట్టలు కుడి కాలువ మట్టానికి ఎగువన ఉన్నందున ఆ నీరు వాటికి అందదు. 2023 నవంబరులో వరికపూడిసెల ఎత్తిపోతల పథకానికి శంకుస్థాపన చేయవలసి రావడమే ఇందుకు నిదర్శనం. మిరప, పత్తి సాగులో కౌలును చాలాచోట్ల ముందే నగదుగా చెల్లిస్తారు కనుక, అదనులో వాన పడకపోయినా, అకాల వర్షానికి కల్లంలో కాయ తడిసినా యజమాని రాబడి తగ్గదు, నష్టమంతా సాగుదారుదే అవుతుంది. 2021–22లో మిరప పూతను నాశనం చేసిన నల్ల తామరపురుగు బయటి నుంచి వచ్చిన జాతి. దాని రాకను పూర్తిగా వాతావరణం ఖాతాలో వేయడం తొందరపాటే గాని, ఆ ఏడు ఎరువుల, మందుల అప్పులతో పాటు కౌలు భారమూ ఎవరిపై మిగిలిందన్న విషయంలో సందేహానికి తావు లేదు.

సామాజిక రక్షణ, అంటే కష్టకాలంలో ఆదాయాన్ని నిలబెట్టే బీమా, పెన్షన్, ఉపాధి వంటి ఏర్పాట్లు, ఇక్కడ పట్టా వద్దే ఆగుతోంది. ఏటా 6,000 రూపాయలిచ్చే పీఎం కిసాన్ భూ యజమానుల కుటుంబాలకే వర్తిస్తుంది. 2011 నాటి సాగుదారుల చట్టం యజమాని సంతకం లేకుండానే, రెవెన్యూ విచారణతో గుర్తింపు కార్డుకు వీలు కల్పించగా, 2019 చట్టం 11 నెలల ఒప్పందానికి యజమాని అంగీకారాన్ని తప్పనిసరి చేసింది. హక్కు పోతుందన్న భయంతో యజమాని సంతకం చేయకపోతే పంట రుణం, బీమా రెండూ కౌలుదారుకు దూరమవుతాయి. ఈ విషయంలో 2019 చట్టం వెనకడుగేనని చెప్పాలి.

కూలీల స్థితి మరింత దయనీయం. పశ్చిమ కర్నూలు నుంచి సుగ్గికి, అంటే పనులు వెతుక్కుంటూ వలసకు, వచ్చే కుటుంబాలు మిరప కోతల్లో ఎండకు ఒళ్లప్పగిస్తాయి. వేసవి ఉష్ణోగ్రతల నివేదికల్లో తరచూ వినిపించే రెంటచింతల ఈ జిల్లాలోనిదే. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఇచ్చిన హక్కు సొంత పంచాయతీకే కట్టుబడినందున వలస వచ్చిన చోట వారికి అది అక్కరకు రాలేదు. వడగాలిని విపత్తుల జాతీయ జాబితాలో చేర్చాలన్న రాష్ట్రాల కోరికను 15వ ఆర్థిక సంఘం అంగీకరించలేదు.

వాతావరణ దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల పరిధిలోని హక్కేనని సుప్రీంకోర్టు 2024లో రంజిత్‌సింహ్ కేసులో తీర్పునిచ్చింది. ఆ హక్కు కౌలుదారుకూ చెందుతుంది. పొలంలో ఏ పైరు ఉందో, ఎవరు సాగు చేస్తున్నారో నమోదు చేసే ఈ-పంట యంత్రాంగం ఊరూరా ఉండగా, పరిహారానికి మళ్లీ యజమాని సంతకం అడగడం సమర్థనీయం కాదు.