రచ్చబండ: నాడును నేడును

మన పల్లెలలో ఊరి నడుమ వేపచెట్టు క్రిందనో రావిచెట్టు క్రిందనో ఒక అరుగు ఉండెడిది. దానిని రచ్చబండ యనిరి. చెరువు నీటి వంతులు, పొలము గట్ల తగవులు, జాతర చందాలు అన్నియు నచటనే తేలెడివి. ఆ యరుగుపై నెవరు కూర్చుండిరో మనకు తెలియును. ఎవరు కూర్చుండలేదో చెప్పుకొనుటకు మాత్రము సంకోచింతుము. స్త్రీ కూర్చుండలేదు. దళితుడు దూరమున నిలిచి, చేతులు కట్టుకొని, తీర్పు వినెను. కావున పదిమంది కూడి నిర్ణయించుకొనుట మనకు క్రొత్త కాదు. ఆ పదిమందిలో నెవరిని లెక్కించితిమి, ఎవరిని విడిచితిమి అనునదే మన చరిత్రలోని చిక్కు ప్రశ్న.

ఈ ప్రశ్న 1921 నవంబరులో హైదరాబాదు నగరమున బాహాటముగా తలయెత్తెను. వివేకవర్ధిని నాటకశాలలో మహర్షి కర్వే అధ్యక్షతన సంఘసంస్కార సభ జరుగుచుండగా, ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడుటకు లేచిరి. సభలో కొందరు ఎగతాళి చేసి వారిని మాటలాడనీయరైరి. అది సంస్కర్తల సభయే సుమా! మనసు నొచ్చిన తెలుగువారు వెలుపలికి వచ్చి, టేకుమాల రంగారావుగారి యింట కూడి, ఆంధ్ర జనసంఘమును స్థాపించిరి. ఆ విత్తనమే 1930లో జోగిపేటయందు ఆంధ్ర మహాసభయై మొలకెత్తెను. 1937లో దాని యారవ సమావేశము మన నిజామాబాదులోనే మందుముల నరసింగరావుగారి అధ్యక్షతన జరిగెను. జోగిపేటలో మహాసభతో పాటు నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభయు జరిగెను. ఇందు గమనింపదగినది యొకటి కలదు. మాట దక్కనివారు అలిగి యింట కూర్చుండలేదు. తమ సభను తాము కట్టుకొనిరి. వెడలిపోగల స్వేచ్ఛయే వారి మాటకు బరువు తెచ్చెను.

సరిగా నిట్టి స్వేచ్ఛనే పునాదిగా నుంచుకొని మన కాలమున వేలకొలది జనులు ఒకరి మొగ మొకరు చూడకయే పెద్ద పనులు సాధించుచున్నారు. కంప్యూటరునకు మనుష్యుడు వ్రాసియిచ్చు ఆదేశముల మూలప్రతిని సోర్సు కోడు అందురు. దానిని దాచిపెట్టక యెల్లరకు నిచ్చి, చదువుటకు, దిద్దుటకు, పంచుకొనుటకు హక్కు కల్పించవలెనని 1983లో రిచర్డు స్టాల్మన్ ఒక ఉద్యమమునకు పూనుకొనెను. 1991లో లినస్ టోర్వాల్డ్సు అను ఫిన్లండు దేశపు విద్యార్థి లినక్సును వెలువరించెను. ఈ సంగతి చెప్పగా మా తరగతిలో నొక బాలుడు, “దానికి యజమాని ఎవరు సారు?” అని యడిగెను. ఎల్లరును యజమానులే యంటిని. “మరి తగవు వచ్చిన నెవరు తీర్తురు?” అని మరల నడిగెను. ఆ రెండవ ప్రశ్నయే యీ వ్యాసమునకు మూలము.

తగవు తీర్చుటకు వారు పలు త్రోవలు త్రొక్కిరి. అపాచీ అను సంస్థవారు 1999లో సంఘముగా నేర్పడిరి. వారిలో ఒక మార్పును సమ్మతించువాడు ‘కూడిక ఒకటి’ యనియు, అంగీకరింపనివాడు ‘తీసివేత ఒకటి’ యనియు వ్రాయును. సోర్సు కోడు విషయమున ఒక్కని తీసివేతయైనను పనిని నిలుపగలదు. కాని యతడు తగిన శాస్త్రకారణము చూపవలెను; కారణము లేని నిరాకరణము చెల్లదు. డెబియన్ అను సంఘము 1993లో పుట్టి, 1998లో తనకొక రాజ్యాంగమునే వ్రాసికొనెను. ఏటేట నాయకుని ఎన్నుకొందురు. అభ్యర్థులను తమ యిష్టక్రమమున వరుస పెట్టుదురు. వీరెవరును వలదనుటకును పత్రమున చోటున్నది. నాయకుని నిర్ణయమును సభ్యులు వోటుతో త్రోసిపుచ్చవచ్చును. పైథాన్ అను భాషకు మాత్రము దాని కర్త గీడో వాన్ రోసమ్ చిరకాలము పెద్దదిక్కై, తుదిమాట తానే చెప్పుచుండెను. 2018లో ఒక చిన్న వ్యాకరణ మార్పుపై రేగిన వాదమునకు విసిగి యతడు తప్పుకొనెను. మరుసటి యేడు సభ్యులు ఐదుగురితో ఒక మండలిని ఎన్నుకొనిరి. మంచి రాజున్నను రాజు తరువాత నేమన్న ప్రశ్న తప్పదని దీనివలన తేలుచున్నది.

ఇక మన యింటి ముచ్చట. కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వమును తలపెట్టి, అది పూర్తికాకమునుపే 1923లో కన్నుమూసిరి. ఒక్క మహానుభావుని ఆయువు చాలని పనిని పదిమంది పంచుకొన్నచో నేమగునో చూపినది తెలుగు వికీపీడియా. 2001లో ఆంగ్లమున పుట్టిన వికీపీడియాకు 2003 డిసెంబరులో వెన్న నాగార్జునగారు తెలుగున శ్రీకారము చుట్టిరి. దానిని నడుపు సాఫ్టువేరును స్వేచ్ఛాసాఫ్టువేరే. అందు సభ్యులు కూడి చర్చించుకొను తావునకు వారు పెట్టుకొన్న పేరేమి? రచ్చబండ! ఒక వ్యాసమును తొలగింపవలెనన్నను, ఒకరికి నిర్వాహక బాధ్యత నీయవలెనన్నను బహిరంగముగా ప్రతిపాదించి, వాదములు విని, సమ్మతి కూర్చుకొందురు. ఎవరే మాటను ఏనాడు వ్రాసిరో చరిత్ర పుటలో నిలిచియుండును. పాత రచ్చబండ తీర్పు గాలిలో కలిసెను. క్రొత్త రచ్చబండ తీర్పు కారణములతో సహా మిగిలినది.

ఈ సంఘములను చీలిపోకుండ కాపాడునది చీలిపోగల హక్కే యన్నచో వింతగా దోచును. 2002లో వికీపీడియాలో వాణిజ్య ప్రకటనలు చేరునేమోయని శంకించి స్పానిషు రచయితలు పెక్కుమంది తమ వ్యాసముల నకళ్లు తీసికొని, వేరుగా విజ్ఞానసర్వస్వము పెట్టుకొనిరి. ప్రకటనల తలపు వెనుకబడెను. నేటికిని వికీపీడియాలో ప్రకటనలు లేవు. వెడలినవారు ఓడలేదు, నిలిచినవారును నేర్చుకొనిరి. అధికసంఖ్యాకులు తమ్ము విడిచిపోగలవారిని బెదిరింపజాలరు, ఒప్పింపవలసినదే.

ఇప్పుడు మన జిల్లాను చూతము. ఇచ్చటి గ్రామాభివృద్ధి కమిటీలు బడిగదులు కట్టించి, బాటలు వేయించి మంచిపేరు తెచ్చుకొన్న మాట నిజము. కాని మాట వినని కుటుంబమునకు జరిమానా వేసి, దుకాణములో సరకు అమ్మరాదనియు, కూలికి పిలువరాదనియు వెలివేసిన ఉదంతములును పలుమార్లు పత్రికల కెక్కినవి. అది కూడ పదిమంది నిర్ణయమే! అయినను వెలివడినవాడు తన పొలమును, బావిని, తాతల యింటిని నకలు తీసికొని యెచ్చటికి పోగలడు? బోధను చక్కెర కర్మాగారము 1937లో స్థాపితమై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరొందెను. 2002లో దాని యధికభాగము ప్రైవేటువారి పరమయ్యెను. 2015 డిసెంబరులో గానుగ ఆగెను. చెరకు పండించినవారును, యంత్రము నడిపినవారును ఎంత మొరపెట్టుకొన్నను, నిర్ణయించు చోట వారికి పీట లేదు. సోర్సు కోడు మూతపడిన మరియొకడు తెరువగలడు. కర్మాగారము అట్లు కాదు.

కావున స్వేచ్ఛాసాఫ్టువేరువారి పద్ధతిని మక్కికి మక్కిగా పల్లెకు తెచ్చుట సాధ్యము కాదు. వారిలోను లోపములు లేకపోలేదు. తీరిక గలవాని మాటయే అచ్చట చెల్లుబడి యగుచున్నది. గడువులోపల మాటలాడనివాడు సమ్మతించినట్లే యని లెక్క; వంటయిల్లు, పసిపాప, పొలముపని గలవారికి ఆ గడువు చాలునా? ప్రపంచమంతట వికీపీడియా వ్రాయువారిలో స్త్రీలు మిక్కిలి తక్కువ. పెద్ద సంఘముల చర్చలు చాలవరకు ఆంగ్లమున నడచును. 1921లో ఆలంపల్లివారికి కలిగిన యిబ్బంది రూపుమార్చుకొని నేటికిని మిగిలియున్నది.

అయినను వారినుండి మనము గ్రహింపదగిన నీతి కలదు. ఎచ్చట వెడలిపోవు త్రోవ లేదో, అచ్చట ఎదురుచెప్పువానికి రక్షణ మరింత కావలెను. కాదనువాని కారణము వినకుండ తీర్పు చెప్పరాదు. తీర్పును కారణములతో వ్రాసియుంచవలెను. సభకు రాలేనివారి మౌనమును సమ్మతిగా నెన్నరాదు. ఇది కమిటీకే కాదు, కుటుంబమునకును వర్తించును. కూతురి చదువు, కోడలి ఉద్యోగము, ముసలితల్లి నగలు మున్నగు విషయములలో ఇంటింట రచ్చబండ జరుగుచునే యున్నది. అందు ఆమె మాట నడుగకయే తీర్పు చెప్పిన నాళ్లెన్నియో పాఠకులే లెక్కించుకొందురు గాక.