తలంబ్రాల మీద దువ్వెన పళ్ళు

పాత పెళ్ళి క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించి చూసినవాళ్ళకి ఈ వింత తెలిసే ఉంటుంది. పందిరి రాట నిటారుగా, శుభ్రంగా కనిపిస్తుంది. కదలకుండా కూర్చున్న పురోహితుడూ బాగానే ఉంటాడు. తలంబ్రాలు మొదలయ్యేసరికి మాత్రం పెళ్ళికూతురి చేతుల అంచులు దువ్వెన పళ్ళలా చీలికలు చీలికలైపోతాయి. క్యాసెట్ పాడైపోయిందని పక్కన పడేసేవాళ్ళని చూశాను. అది పాడవడం కాదండీ. దానికో పాత కథ ఉంది.

వెనకటి టీవీలో బొమ్మ అంతా ఒక్కసారే వెలిగేది కాదు. పిక్చర్ ట్యూబులో ఎలక్ట్రాన్ల కిరణం ఒక్కో గీతా గీసుకుంటూ పైనుంచి కిందికి దిగేది. సెకనుకు 25 బొమ్మలు గీస్తే కదలిక తెలుస్తుంది కానీ తెర మినుకుమినుకుమంటుంది, కళ్ళు లాగుతాయి. పోనీ 50 పూర్తి బొమ్మలు పంపుదామంటే ప్రసారానికి రెట్టింపు చోటు కావాలి. 1930ల్లో అది తలకు మించిన పని. జర్మనీలో టెలిఫంకెన్ సంస్థలో పనిచేసే ఫ్రిట్జ్ ష్రోటర్, అమెరికాలో ఆర్‌సీఏ సంస్థకు చెందిన రాండల్ బల్లార్డ్ రెండేళ్ళ తేడాలో ఒకే ఉపాయం పట్టారు. ముందు ఒకటి, మూడు, ఐదు... ఇలా బేసి గీతలు గీయాలి. వెంటనే వెనక్కొచ్చి ఆ సందుల్లో సరి గీతలు గీయాలి. పంపేది ఎప్పుడూ సగం బొమ్మే, కానీ తెర సెకనుకు 50 సార్లు వెలుగుతుంది. ఉన్న కాస్త పాలతో ఇంటిల్లిపాదికీ కాఫీ సర్దడం లాంటిదే ఇదీ. ఈ అల్లికనే ఇంటర్‌లేసింగ్ అన్నారు.

1936 నవంబరులో లండన్‌లో బీబీసీ టీవీ మొదలైనప్పుడు రెండు పద్ధతుల్నీ పోటీకి పెట్టారు. ఒక వారం జాన్ బెయిర్డ్ పద్ధతి, 240 గీతలు వరసగా. మరుసటి వారం మార్కోనీ-ఈఎంఐ పద్ధతి, 405 గీతలు అల్లికగా. 1937 ఫిబ్రవరికల్లా బెయిర్డ్ గారిని ఇంటికి పంపేశారు. టీవీని కనిపెట్టినవాడని మనం బళ్ళో చదువుకున్నది ఆయన గురించే, పాపం!

యాభై అనే లెక్క కూడా ఊరికే రాలేదు. అక్కడి కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, దానితో జత కలిపారు. అమెరికాలో కరెంటు 60, అందుకని వాళ్ళ టీవీకీ 60. మన కరెంటూ 50 కాబట్టి ఐరోపా దారే పట్టాం. 1959లో ఢిల్లీలో టీవీ మొదలైంది. 1977లో హైదరాబాద్ కేంద్రం వచ్చింది. 1982లో ఏషియాడ్ ఆటలతో పాటు రంగులొచ్చాయి. 625 గీతల పాల్ పద్ధతి అది. అందులో కంటికి కనబడేవి 576, అంటే సగం బొమ్మకి 288.

ఇక క్యాసెట్లు. 1976లో జపాన్ జేవీసీ కంపెనీ తెచ్చిన వీహెచ్ఎస్ క్యాసెట్ కొన్నేళ్ళకి మన పెళ్ళి పందిళ్ళలోకీ వచ్చేసింది. భుజం మీద పెద్ద కెమెరా, వెనకాల ఒక కుర్రాడు పట్టుకున్న లైటు, ఆ వేడికి చెమటలు కక్కే పెళ్ళికొడుకు గుర్తున్నాయి కదా? ఆ కెమెరా కూడా సగం బొమ్మలే తీసేది. బేసి గీతలు తీసినప్పుడు చెయ్యి ఒక చోట ఉంటుంది, సెకనులో 50వ వంతు తర్వాత సరి గీతలు తీసేసరికి చెయ్యి ఇంకో చోట ఉంటుంది. పాత టీవీ వాటిని ఒకదాని తర్వాత ఒకటి చూపించేది కాబట్టి తేడా తెలిసేది కాదు. ఇప్పటి తెర రెండిటినీ కలిపి ఒకేసారి పెట్టేస్తుంది. ఆ పళ్ళు అవే.

వాటిని సరిచేయడమే డీఇంటర్‌లేసింగ్. సులువు పద్ధతులు రెండున్నాయి. రెండూ నాకు నచ్చవు. ఒకటి, ఒక సగాన్ని పారేసి మిగిలిన గీతల్ని సాగదీయడం. పళ్ళు పోతాయి, నగల చెక్కడం కూడా పోతుంది. రెండోది, రెండు సగాల్నీ కలిపి పులిమేయడం. మా పిన్ని పెళ్ళి క్యాసెట్‌ని ఒక స్టూడియోవాళ్ళు ఇలాగే చేసిచ్చారు. అందులో మా అమ్మమ్మ అక్షింతలు వేసేది నాలుగే క్షణాలు. ఆవిడ నడిచే బొమ్మ మాకు ఇంకెక్కడా లేదు. స్టూడియోవాళ్ళిచ్చిన ఫైలులో ఆవిడకి నాలుగు చేతులు, దెయ్యంలా. ఒకసారి పులిమాక ఆ ఫైలులోంచి మళ్ళీ విడదీయడం కుదరదు. అదృష్టం కొద్దీ పిన్ని క్యాసెట్ దాచింది.

మా తమ్ముడు మళ్ళీ ఎక్కించాడు. ఎక్కించేటప్పుడు బొమ్మ సైజు మార్చలేదు, మారిస్తే బేసి సరి గీతలు కలగాపులగమైపోతాయి. యాడిఫ్ అనే ఫిల్టర్ వాడాడు. "ఇంకో డీఇంటర్‌లేసింగ్ ఫిల్టర్" అని దాని పేరుకి అర్థమట, "మరో పప్పు" అన్నట్టు! అది పక్క గీతల్నీ, ముందు వెనక సగం బొమ్మల్నీ చూసి, లేని గీత ఎలా ఉండాలో ఊహిస్తుంది. ప్రతి సగాన్నీ ఒక పూర్తి బొమ్మగా పెంచమంటే సెకనుకు 50 బొమ్మలొస్తాయి, పాత టీవీలో ఉన్న ఆ జారుడు కదలిక మళ్ళీ వస్తుంది. ఏ సగం ముందన్నది తప్పుగా చెబితే మాత్రం మనిషి ముందుకో అడుగు వెనక్కో అడుగు వేస్తూ వణుకుతాడు. అప్పుడు ఆ ఒక్క సెట్టింగు తిప్పితే చాలు. ఈసారి అమ్మమ్మకి రెండే చేతులు. వేళ్ళ సందుల్లోంచి అక్షింతలు రాలడం కూడా కనిపించింది. పిన్ని ఆ నాలుగు క్షణాల్నీ ఎన్నిసార్లు వేయించుకుందో లెక్కపెట్టలేదు.

2012లో వచ్చిన 4కే టీవీ ప్రమాణంలో ఈ అల్లికకి చోటే ఇవ్వలేదు. వీసీఆర్‌లు చివరిదాకా తయారుచేసిన జపాన్ ఫునాయ్ కంపెనీ 2016 జులైలో ఆపేసింది. అందుకే మా బంధువుల్లో పనిచేస్తున్న ఒకే ఒక్క వీసీఆర్ ప్రస్తుతం ఇల్లిల్లూ తిరుగుతోంది. ఈ వారం మా ఇంట్లో ఉంది, వచ్చేవారం వియ్యపురాలు గారింటికి వెళ్తుంది.