నదులు మోసుకుపోయే ఉప్పు

నది నీరు తియ్యన, సముద్రం ఉప్పన. సముద్రానికి ఆ ఉప్పు చేర్చింది ఈ తియ్యని నదులేనని, దాన్నిబట్టి ప్రపంచం వయసు లెక్క కట్టవచ్చునని 1715లో ఒకాయన సూచించాడు. ఆయన తోకచుక్క పేరుతో మనకు తెలిసిన ఎడ్మండ్ హేలీ. నదులు ఉప్పు తెస్తాయి, ఎండ నీటిని మాత్రమే తీసుకుపోతుంది. కనుక ఉప్పదనం ఏటేటా పెరగాలి. ఒకసారి కొలిచి, కొన్ని శతాబ్దాల తర్వాత మళ్ళీ కొలిస్తే సరి. ప్రాచీన గ్రీకులు, రోమన్లు తమకాలపు ఉప్పదనం రాసిపెట్టలేదే అని హేలీ వాపోయాడు. (పూర్వులు ఏమీ రాసిపెట్టలేదన్న దిగులు మనకొక్కరికే కాదన్నమాట!)

1899లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ ఆచార్యుడు జాన్ జోలీ అన్ని శతాబ్దాలు కాచుకోకుండానే లెక్క తేల్చాడు. సముద్రంలోని సోడియం మొత్తాన్ని, నదులన్నీ ఏటా తెచ్చే సోడియంతో భాగించాడు. నదుల సంగతికి ఆధారం జాన్ మర్రే 1887లో ఇచ్చిన 19 నదుల వివరాలు. జవాబు ఎనిమిది, తొమ్మిది కోట్ల ఏళ్ళు. భూమి చల్లారే లెక్కతో 1897లో కెల్విన్ ఇచ్చినది రెండు నుంచి నాలుగు కోట్లే. భూగర్భశాస్త్రజ్ఞులకు కాస్త ఊపిరాడింది.

అయితే 1956లో క్లెయిర్ పాటర్సన్ సీసపు ఐసోటోపులతో భూమి వయసు 455 కోట్ల ఏళ్ళని తేల్చాడు. మరి జోలీ ఎక్కడ తప్పాడు?

ముందు నది సంగతి చూద్దాం. వాన నీరు గాలిలోని, అంతకంటే ఎక్కువగా మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని పలుచని ఆమ్లమై రాతిని కొరుకుతుంది. త్ర్యంబకం దగ్గర పుట్టిన గోదావరి చాలాదూరం సుమారు 6.6 కోట్ల ఏళ్ళనాటి నల్లరాతి మీద పారుతుంది. ఈ బసాల్టు గ్రానైటుకంటే త్వరగా కరుగుతుంది. అందులోని కాల్షియం, మెగ్నీషియం బైకార్బనేట్లుగా నీటిలో చేరతాయి. నీళ్ళ కాగు అడుగున పేరుకునే తెల్లని పెచ్చు అటువంటి సున్నమే, మళ్ళీ రాయైనది. ఒండ్రు కంటికి కనిపిస్తుంది గాని, నాసిక్ ప్రాంతంలో కరిగిన రాయి యానాం పక్కన గౌతమి పాయలో దాటిపోతుంటే ఎవరికీ కనబడదు.

లీటరు నది నీటిలో కరిగిన ఖనిజాలు సగటున 100 మిల్లీగ్రాములకు అటూ ఇటూ, సముద్రపు నీటిలో 35 గ్రాములు. నదుల్లో సాధారణంగా కాల్షియానిది పైచేయి, సముద్రంలో సోడియానిది. గవ్వలు, పగడాలు కాల్షియాన్ని తీసుకుని ఇళ్ళు కట్టుకుంటాయి. అది సముద్రంలో నిలిచేది సుమారు పది లక్షల ఏళ్ళు. సోడియమూ శాశ్వతంగా నిలవదు. కొంత బంకమట్టికి పట్టుకుంటుంది, కొంత ఎండిపోయిన సముద్రాలలో రాతి ఉప్పవుతుంది. కొంత అలల తుంపరలో గాలికెగిరి, వానతో నేలకు దిగి, మళ్ళీ నది సొమ్ముగా లెక్కకెక్కుతుంది. ఈ చివరిదానికి జోలీ కొంత మినహాయించాడు. తక్కిన ఖర్చు మాత్రం ఆయన పద్దులోకి రాలేదు. రేడియం మీద అంత పనిచేసినవాడై ఉండీ, రేడియోధార్మికత చూపిన పెద్ద వయసులను ఆయన చాలాకాలం నమ్మలేకపోయాడు.

1952లో నార్వే శాస్త్రజ్ఞుడు టామ్ బార్త్ ఆ భాగహారానికి సరైన అర్థం చెప్పాడు. అది సముద్రం వయసు కాదు, ఒక మూలకం సముద్రంలో సగటున ఉండే కాలం.

రోమన్లు కొలిచి రాసిపెట్టి ఉన్నా హేలీకి పెద్దగా దక్కేదేమీ లేదు. జోలీ లెక్క ప్రకారమే చూసినా, రెండువేల ఏళ్ళలో లీటరు సముద్రపు నీటికి పెరిగే సోడియం దాదాపు పావు మిల్లీగ్రాము. అంత సన్నని తేడా ఆనాటి తక్కెడలకు అందేది కాదు.